మౌనిక గాజుతొట్టికి రాయించిన మందుచీటీ

డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ బిళ్ల ఒక్కటి కూడా అమ్మకుండా, మాదాపూర్ హాస్టళ్ల సందులో మందుల షాపును ఏడాది పొడుగునా నడిపించడం మా మౌనిక మొదటి విజయం. ఆ ఏడాది ఆమె పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు. జలుబుకు ఐదు రోజుల మందు అడిగే హాస్టలు పిల్లలు విసుక్కుని ఎదురు షాపుకు పోయేవారు. ఓనరు రెండుసార్లు మానేసి పొమ్మన్నాడు. ఆమె మానలేదు, బిళ్లా ఇవ్వలేదు. ఇప్పుడు ఆ హాస్టళ్ల వార్డెన్లే పిల్లలను ఆమె దగ్గరికి పంపుతున్నారు.

మౌనిక నాకు మేనకోడలు. మా అబ్బాయి గిరీష్‌ను చేసుకున్నాక కోడలు కూడా. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. అయినా ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క యాక్సిడెంటు లేకుండా ఆర్టీసీ బస్సు తోలినవాణ్ని, పట్టుదల అంటే ఏమిటో తెలుసు. ఈ పిల్ల నన్ను మించింది.

ఆమె రెండో ఘనత ప్రగతి నగర్‌లో మా ఇంటి హాల్లో ఉంది. నాలుగడుగుల గాజుతొట్టి, అందులో నీటి మొక్కల తోట, మొక్కల మధ్య వేలెడంత లేని చేపలు. చదువుకునే రోజుల్లో సీసాలో పెట్టిన ఒక్క కాడ నుంచి ఆరేళ్లలో ఇంత చేసింది.

ఈ జూలైలో ఆ తోట మీద నీలం కలిసిన పచ్చటి జిగురు పొర పరుచుకుంది. తడిగుడ్డ కప్పినట్టుండేది. దగ్గరికి పోతే బురద వాసన. మేమంతా నాచు అనుకున్నాం.

"ఇది నాచు కాదు మామా, బ్యాక్టీరియా. నాచు మాదిరి కనపడతాది, అంతే," అంది మౌనిక.

చేత్తో తీసింది. నీళ్లు మార్చింది. మూడు రోజులు దుప్పటి కప్పి వెలుతురు ఆపింది. వారానికల్లా పొర మళ్లీ వచ్చింది, ఆకులు కుళ్లడం మొదలైంది. ఇక మిగిలింది యాంటీబయాటిక్. అది ఆమె షాపులో చెయ్యి చాపితే అందే అరలోనే ఉంది. అయినా ముట్టలేదు.

ఆమెను రోజూ షాపుకు దింపే ఆటో రాములుకు ఈ సంగతి తెలిసింది. ఒకసారి జ్వరమొస్తే చీటీ లేదని ఆమె వెనక్కి పంపింది అతన్నే.

"ఏంది చెల్లే, మనుషులకియ్యవు గని చేపలకిస్తవా?"

"చేపలకైనా చీటీ ఉండాల్సిందే అన్నా."

"అయితే చేప పోయి డాక్టర్‌కు నాలుక సూపెడ్తదా?"

మర్నాడే ఆమె పశువుల డాక్టరు ఉదయ్ భాస్కర్ గారి దగ్గరికి ఫోటోలు, సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుని పోయింది. ఆయన అన్నీ చూసి నవ్వారట.

"పేషెంటు పేరు ఏం రాయమంటారండీ?"

"గాజుతొట్టి, రెండు వందల లీటర్లు అని రాయండి సార్."

అలాగే రాశారు. ఐదు రోజులు, రోజుకొక మోతాదు, మధ్యలో ఆపకూడదు. ఫిల్టరులో ఉండి నీళ్లను శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతినొచ్చు కనుక గాలి పంపు మాత్రం ఆగకుండా నడవాలి.

ఆగస్టు 11న మొదలుపెట్టింది. రెండు మోతాదులు తానే వేసింది. 13న వాళ్లమ్మకు, అంటే మా అక్క లక్ష్మీదేవికి, కంటి ఆపరేషన్ అని తిరుపతి పోవలసి వచ్చింది. మిగిలిన మూడు పొట్లాలు నా చేతిలో పెట్టింది.

ఆ రోజు చూస్తే పొర లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి. నయమైంది కదా, ఊరికే మందెందుకని పొట్లాలు జేబులోనే ఉంచాను. జ్వరం తగ్గగానే బిళ్లలు ఆపేయడం నాకు మొదటినుంచీ అలవాటు. 16న తొట్టి మూలలో గోరంత నీలం మరక కనబడింది. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎన్ని వేసినావు మామా?"

"ఒక్కటీ వేయలేదమ్మా."



"అన్నేళ్లు బస్సు తోలినావే, ఎవరినన్నా సగం దారిలో దింపేసి వచ్చినావా?"

"లేదమ్మా. ఇప్పుడు మూడూ ఒకేసారి వేసేదా?"

"వద్దు. ఆ చీటీ ఐదు రోజులకే. డాక్టరు మళ్లీ చూసి రాసేదాకా ఒక్క పొట్లం విప్పొద్దు. పైపుతో మరక లాగెయ్, లైటు ఆపు. నేనొచ్చి ఆయన దగ్గరికి పోతా."

ఇప్పుడు మరక అరచేయంత అయింది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పైపుతో లాగుతున్నాను. నిన్న రాములు వచ్చి చూశాడు.

"మందు జేబుల వెట్టుకొని పరేషానెందుకు కాకా? జర ఏసెయ్ రాదూ."

"చీటీ లేదు," అన్నాను.

మౌనిక లింగంపల్లి స్టేషన్‌లో దిగేది ఆగస్టు 24, ఆదివారం పొద్దున.