ఒంటిగంట పదికి వచ్చే బెంగ

మా ఆవిడ ఎదురుగా కూర్చుని నాకు అన్నం వడ్డిస్తుండగా, "నువ్వు లేని ఈ ఇంట్లో ముద్ద దిగట్లేదు" అని ఆవిడకే మెసేజ్ పంపిన మొగుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, మీ ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. నేను కూడా అయిదు రోజులయ్యాక నవ్వాను.

మొదట్నించీ చెప్తాను. నేను ఢిల్లీలో, జనక్‌పురి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తాను. ఉండేది మునిర్కాలో, రెండో అంతస్తులో ఒకటిన్నర గది. ఆ అర గదిని ఓనరు ఆంటీ కిచెన్ అంటుంది. చుట్టుపక్కల అందరూ చదువుకునే పిల్లలే. నలభై దాటినవాణ్ణి ఆ గల్లీ మొత్తానికి నేనొక్కణ్ణే. మా ఆవిడ సుజాత తణుకులో బ్యాంకు ఆఫీసరు. అక్కడ నేను పనిచేసే స్కూలు మూతపడితే మూడేళ్ల కిందట ఈ ఉద్యోగానికి వచ్చాను. ఆరు నెలలు చేసి చూద్దాం అనుకున్నాం. ఆ ఆరు నెలలు ఇంకా అవుతూనే ఉన్నాయి.

రాత్రిపూట మాట్లాడుకుంటాం, అది వేరే సంగతి. గొడవంతా మధ్యాహ్నంతోనే. మా స్కూల్లో టీచర్లు పొద్దున్నే ఫోన్లు స్టాఫ్ రూమ్ లాకర్లో పెట్టేయాలి. మళ్లీ ముట్టుకునేది మూడున్నరకి ఆఖరి గంట కొట్టాకే. సుజాతకు లంచ్ ఒంటిగంట పదికి. ఆఫీసులో అందరికీ ఆ టైముకి ఇంటినుంచి ఫోనో మెసేజో వస్తుందట, తనొక్కత్తే గోడ చూస్తూ తింటుందట. ఈ మాట నవ్వుతూనే అనేది. కానీ నెలకి నాలుగుసార్లు అనేది.

మొన్న ఫిబ్రవరిలో మా స్కూల్లో ఒక వర్క్‌షాప్ పెట్టారు. బిజీగా ఉండే టీచర్లకు టైమ్ ఆదా చేసే డిజిటల్ చిట్కాలట. ఇలాంటివాటిలో నేను మామూలుగా చివరి బెంచీలో కూర్చుని కళ్లు తెరిచి నిద్రపోతాను. కానీ ఆ రోజు వచ్చిన ట్రైనర్ మేడమ్ రెండే ముక్కలు చెప్పింది, రెండూ బుర్రకెక్కాయి. ఒకటి, కామెంట్ బ్యాంక్. ప్రోగ్రెస్ రిపోర్టుల్లో రాసే వాక్యాలన్నీ ఒక షీట్‌లో రకాలవారీగా రాసి పెట్టుకుంటే, ఏ పిల్లాడికి ఏది సరిపోతే అది లాగి అతికించేయడమే. రెండోది, షెడ్యూల్ సెండ్. మెసేజ్ ఇప్పుడు రాసిపెడితే మనం చెప్పిన రోజు, చెప్పిన టైముకి ఫోను దానంతటదే పంపేస్తుంది.

ఎయిట్ బి నలభై ఇద్దరికీ కామెంట్లు రాయడానికి ఇదివరకు నాకు రెండు ఆదివారాలు పట్టేది. ఆ కామెంట్ బ్యాంక్ పుణ్యమా అని గంటలో అయిపోయింది. అయిపోయాక ఏం చెయ్యను? ఖాళీగా ఉన్న ఆదివారం ఒంటరి మనిషికి ఎంత పొడుగ్గా ఉంటుందో మీకు తెలుసా? కింద పిల్లలు మోమోలు తింటూ హిందీలో పోట్లాడుకుంటున్నారు. పక్క బిల్డింగ్‌లో ఎవరో తాలింపు పెట్టారు, అందులో కరివేపాకు లేదు. నాకు సుజాత మీద బెంగ ముంచుకొచ్చింది. తెరిచి ఉన్న షీట్‌లోనే కొత్త ట్యాబ్ తీసి, దానికి సుజాత అని పేరు పెట్టి, మనసులో ఉన్నవన్నీ రాయడం మొదలుపెట్టాను. పదిహేను మెసేజ్‌లు తేలాయి. అన్నీ ఒక్కసారే పంపితే మతి పోయిందనుకుని రైలెక్కి వచ్చేస్తుంది. అందుకని రోజుకొకటి, ఒంటిగంట పదికి షెడ్యూల్ చేశాను. లాకర్లో ఫోను దాని పని అది చేసుకుంటుంది.

ఆ సోమవారం సాయంత్రం ఆవిడ గొంతు వినాల్సింది. కొత్త పెళ్లికూతురు కూడా అంత సంబరపడదు. ఆ గొంతుకి నేను పడిపోయాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ టీచర్ని కదా, సిలబస్ చేసుకోకుండా ఉండలేను. బెంగ, వంట, ఆరోగ్యం, మెచ్చుకోలు అని నాలుగు కాలమ్‌లు చేశాను. మొదట్లో ప్రతి ఆదివారం కొత్తవి రాసేవాణ్ణి. తర్వాత పరీక్ష పేపర్లు నెత్తిమీద పడ్డాయి. పాతవాటినే అటూ ఇటూ తిప్పి, దీని తల దాని మొండేనికి అతికించి, ఆరు రోజులవి ఆరు నిమిషాల్లో పెట్టేసేవాణ్ణి.

ఏప్రిల్లో ఒకసారి దొరికిపోవాల్సింది. పక్క ట్యాబ్‌లోది పొరపాటున అతుక్కుని, "నీ చేతి పప్పుచారు గుర్తొస్తోంది. ఇంకొంచెం శ్రద్ధ పెడితే మెరుగైన ఫలితాలు సాధించగలవు" అని వెళ్లింది. రాత్రి ఫోన్లో ఇదేంటని నిలదీసింది. జోక్ చేశానని చెప్పి బయటపడ్డాను.

ఇంతలో బ్యాంకులో బదిలీలకు ఆప్షన్ ఫారాలు వచ్చాయి. భార్యాభర్తలు ఒకే ఊళ్లో ఉండేందుకు ఢిల్లీ అడగొచ్చు. నెలాఖరుకల్లా ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఇంకో మూడేళ్లు అంతే. సుజాత తేల్చుకోలేకపోయింది. సొంత ఊరు, సొంత భాష, పదిహేనేళ్ల స్నేహాలు. అవన్నీ వదిలి ఈ చలికీ ఈ పొగకీ ఎందుకు రావాలో ఒకసారి కళ్లారా చూస్తానంది. ఫారం బ్యాగులో పెట్టుకుని ఆరు రోజులు సెలవు పెట్టి వచ్చింది. నిజాముద్దీన్ స్టేషన్లో రైలు దిగుతుంటే చూసి, ఈవిణ్ణి తిరిగి పంపకూడదు దేవుడా అనుకున్నాను. ముందురోజే గది కడిగాను. పరదాలు మార్చాను. ఫోన్లో ఆ వారం మెసేజ్‌లు ఆపడం మాత్రం మర్చిపోయాను.

గురు, శుక్రవారాలు స్కూలుకి సెలవు, ఫోను జేబులోనే. ఆ రెండు రోజులూ ఆ టైముకి మెట్రోలో తిరుగుతున్నాం, తన ఫోను బ్యాగు అడుగున ఉంది, తను చూడలేదు. శనివారం కూడా సెలవే, ఇంట్లోనే వంట. తణుకు నుంచి తెచ్చిన గోంగూరతో పప్పు చేసింది. మూడోసారి కలుపుకుంటున్నాను. కుడిచెయ్యి మణికట్టుదాకా పప్పే. నా ఫోను దూరంగా ఫ్రిజ్ మీద ఛార్జింగ్‌లో ఉంది. తన ఫోను మోగింది. చూసింది. నన్ను చూసింది. మళ్లీ ఫోను చూసి పైకి చదివింది.

"నువ్వు లేని ఈ ఇంట్లో ముద్ద దిగట్లేదు. తిన్నావా?"

నోట్లో ఉన్నది మింగాలో మానాలో తెలీలేదు. ఎప్పుడో పంపింది నెట్‌వర్క్ బాగోక ఇప్పుడొచ్చి ఉంటుందన్నాను. ఎంత దద్దమ్మనో చూడండి, బ్యాంకు ఆఫీసరు దగ్గర ఆ మాట. ఆవిడ నిదానంగా వెనక్కి జరుపుకుంటూ వెళ్లింది. నిన్న, ఒంటిగంట పది. మొన్న, ఒంటిగంట పది. ఫిబ్రవరిదాకా అన్నీ ఒంటిగంట పదే. ఆ పప్పుచారు మెసేజ్ ఇంకోసారి చదివి, లాప్‌టాప్ తెరవమంది. ఎడంచేత్తో తెరిచాను. ఎయిట్ బి పక్కనే సుజాత ట్యాబ్. బెంగ కాలమ్‌లో పద్నాలుగు వాక్యాలు, వాడినవాటికి పసుపు రంగు.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆడిట్‌కి వచ్చినట్టు కుర్చీ లాక్కుని వరసగా చదివింది. ఒకచోట ఆగింది. "నిన్న నీ గొంతు ఎంత హుషారుగా ఉందో" అనే వాక్యం అది.

"ఇది వచ్చిన రోజు నాకు జ్వరం. ముందు రోజు రాత్రి అసలు మనం మాట్లాడుకోలేదు, మందేసుకుని పడుకున్నాను. గొంతెక్కడ విన్నారా అనుకున్నా. కలలో విన్నారేమో అనుకుని, అది తలుచుకునే ఆ పూట నాలుగు ముద్దలు తిన్నాను."

చెయ్యి ఎండిపోయింది కానీ కడుక్కోవడానికి లేవలేకపోయాను. నా జన్మలో అంత సిగ్గు పడలేదు. రాసింది నేనే కదా సుజాతా అన్నాను. రాసింది మీరే, మరి ఒంటిగంట పదికి మీరేం చేస్తుంటారు, అని అడిగింది. ఇక అబద్ధం చెప్పే ఓపిక లేక ఉన్నది చెప్పాను. ఆ టైముకి ఆరో తరగతి పిల్లలు మెట్ల మీద ఒకళ్లనొకళ్లు తోసుకోకుండా కాపలా కాస్తుంటాను, అప్పుడు నువ్వు కాదుగదా నా పేరే నాకు గుర్తుండదు. బెంగ వచ్చేది ఆదివారం, అది నీకు చేరేది ఏ బుధవారమో.

"మిగతా రోజులు అసలు రాదా?"

"వస్తుంది. సాయంత్రం వచ్చి తాళం తీస్తాను చూడు, అప్పుడు. లైటు వేసేదాకా ఉంటుంది. అది షీట్‌లో పెట్టలేదు, ఎలా రాయాలో తెలీలేదు."

ఆవిడ లాప్‌టాప్ మూసి, పళ్లేలు తీసి, గిన్నెలు తోమింది. ఆ తర్వాత ఉన్న మూడు రోజులూ బాగానే మాట్లాడింది. కూరగాయల బండి భయ్యాతో బేరమాడింది, ఓనరు ఆంటీతో వచ్చీరాని హిందీలో కష్టసుఖాలు చెప్పుకుంది. కానీ ఫారం ఊసెత్తలేదు. అడిగే మొహం నాకూ లేదు. మంగళవారం రైలెక్కించాను. కిటికీలోంచి, వేళకి తినండి అంది, అంతే. ఇంటికొచ్చి తాళం తీశాను. ఆ పూట లైటు వేయడానికి చాలాసేపు పట్టింది.

షెడ్యూల్ చేసినవన్నీ తీసేశాను. ట్యాబ్ కూడా డిలీట్ చేశాను. గురువారం పొద్దున్న తను తణుకులో దిగి, అటునుంచటే ఆఫీసుకి వెళ్లింది. అదే నెలాఖరు.

ఆ రోజు ఆఖరి గంట కొట్టగానే లాకర్లోంచి ఫోను లాక్కుని మెట్రో స్టేషన్‌కి నడిచాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఈసారి నా సొంత చేత్తో, అప్పటికప్పుడు, మనసులోంచి ఒక మంచి మెసేజ్ రాద్దామనుకున్నాను. రాశాను, చెరిపాను. మళ్లీ రాశాను. అది బెంగ కాలమ్‌లో ఏడో వాక్యమని గుర్తొచ్చి చెరిపాను. పిల్లలకి నలభై రెండు రకాల కామెంట్లు రాసేవాణ్ణి, పెళ్లానికి ఒక్క వాక్యం తట్టలేదు. పావుగంట కొట్టుకుని చివరికి పంపింది ఒక్క మాట.

"తిన్నావా?"

టైమ్ చూస్తే నాలుగు. జవాబు వెంటనే వచ్చింది.

"నాలుగింటికి భోజనం గురించి అడిగే మనిషి లోకంలో మీరొక్కరే. ఇది ఫోను పంపింది కాదు. ఫారం మధ్యాహ్నమే ఇచ్చేశాను."

నేను దాన్ని చదువుతుండగా మునిర్కా మెట్రో వచ్చి వెళ్లింది. రెండోదీ వెళ్లింది. మూడోది కచ్చితంగా ఎక్కాలనుకుని, మొత్తానికి ఎక్కి, సీటు దొరికితే కూర్చుని ఇంకోసారి చదువుకున్నాను. మునిర్కా దాటి నాలుగు స్టేషన్లు పోయాక తలెత్తాను.