అవ్వకి వచ్చిన ఇంజనీరింగ్ సీటు

ఆ రోజుల్లో మా ఇంటికి ఉత్తరం వచ్చిందంటే చుట్టం వచ్చినంత సందడి. తొంభైల నడిమి మాట. నగర్తపేటలో నాన్న జరీ దుకాణం, దాని వెనకే మా ఇల్లు. నేను ఒక సర్కారు ఆఫీసులో, వచ్చిన ఉత్తరాలకి నంబరు వేసి 'ఇన్‌వర్డు' పుస్తకంలో ఎక్కించే గుమాస్తాగా చేరి మూడేళ్లయింది. ప్రతి ఉత్తరానికీ జవాబు వెళ్లి తీరాలన్నది అక్కడ నేను నేర్చిన ఒకే ఒక విద్య (ఆ విద్యే కొంప ముంచబోయింది).

మా చెల్లెలు అప్పుడు పీయూసీ, అంటే ఇంటరు, రెండో సంవత్సరం. మార్కులు మధ్యరకం, నోరు మాత్రం ఫస్టు క్లాసు. ఒకరోజు తన పేరిట నున్నటి కవరు వచ్చింది. "మీ ప్రతిభను గుర్తించి మా ఇంజనీరింగ్ కళాశాల మిమ్మల్ని ప్రత్యేకంగా ఎంపిక చేసింది" అని ఇంగ్లీషులో, బంగారు రంగు అక్షరాలతో. నేను అర్థం చెప్పగానే అమ్మ కవరు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి ముందు పెట్టింది. నాన్న దుకాణానికి వచ్చినవాళ్లందరికీ మైసూరుపాకు పంచాడు. రెండు వారాల్లో అలాంటివి పదకొండు వచ్చాయి. కవర్ల వెనక దేవుళ్లు కనిపించడం మానేశారు.

"అందరికీ పంపుతారన్నా ఇవి. సుమ్నే కాగితాలు" అంది చెల్లెలు.

"నీ పేరు టైపు చేసుండారు కదా! ఊరికే పిలుస్తారా?" అన్నాను.

ఫైలు తెరిచి, నంబర్లు వేసి, పదకొండు కాలేజీలకీ రిజిస్టర్డు పోస్టులో జవాబులు పంపాను. 'పెద్దలతో ఆలోచించి చెప్పేవరకు సీటు ఖాళీగా ఉంచ ప్రార్థన.' ఆ కాలేజీలు సంతోషించి తలా రెండు ఉత్తరాలు పంపాయి.

అసలు చిక్కు ప్రభుత్వ ప్రవేశ పరీక్ష దగ్గర వచ్చింది. అది రాస్తేనే తక్కువ ఫీజు సీటు. చెల్లెలి ఆశంతా దానిమీదే. దరఖాస్తు మీద ఇంటి పెద్ద సంతకం కావాలి. నాన్న ఇలాంటివన్నీ నాకు వదిలేశాడు. నేను పెట్టనన్నాను. "ఇన్ని చోట్ల పిలుస్తా ఉంటే మళ్లీ పరీక్ష ఏమిటికి? వాళ్లేమనుకుంటారు?" గడువు శుక్రవారం. చెల్లెలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ డైరీలో 'ఇల్లు ప్రశాంతం' అని రాసుకున్నాను.

గురువారం ఇంకో కవరు వచ్చింది. దానిమీద, ముందు 'కుమారి' అని తగిలించి, మా అవ్వ పేరు! డెబ్బై అయిదేళ్ల మనిషి, బడి గడప తొక్కలేదు. లోపల అవే బంగారు అక్షరాలు, అదే ప్రతిభ. చదువుతూ ఉంటే నా గొంతు తగ్గిపోతూ వచ్చింది.

"నాకా? ఏం చదవాలంటప్పా?" అంది అవ్వ.

"కంప్యూటర్ సైన్సు."

"క్లాసు కింద ఉండాదా, మిద్దె మీద ఉండాదా అడుగు. నాకి మెట్లెక్కేకి కాదు."

చెల్లెలు నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. "కాలేజీల మేళాలో ఫారం నింపితే గుడ్డ సంచి ఇస్తా ఉండిరి. అవ్వ కూరగాయలకీ ఒకటి కావాలని ఆమె పేరుతో ఇంకో ఫారం నింపితిని."

"ముందే చెప్పకూడదా?"

"అందరికీ పంపుతారని అప్పుడే చెప్తిని కదన్నా. నువ్వు నంబరు వేస్తా ఉంటివి."

సంతకం పెట్టాను. మర్నాడు ఉద్యోగంలో మొదటిసారి అర పూట సెలవు పెట్టి, దరఖాస్తు చేతబట్టుకుని వరుసలో నిలబడ్డాను. చెల్లెలు పరీక్ష రాసింది, సీటు తెచ్చుకుంది, ఎలక్ట్రానిక్ సిటీలో చాలా ఏళ్లు పనిచేసింది. ఈనాటికీ నా సంతకం కావలసినప్పుడల్లా "ఇన్‌వర్డు చేసితివా అన్నా?" అని అడుగుతుంది.

రిటైరయ్యాక డైరీలు సర్దుతుంటే ఆ ఫైలు దొరికింది. చివర అవ్వ ఉత్తరం, దాని మూలల్లో తనే రాసుకున్న పసుపు. వెనక నా జవాబు నకలు. అవును, రాశాను. "జవాబు రాయకుంటే మర్యాద కాదప్పా" అని అవ్వ పట్టుబట్టింది. 'అభ్యర్థిని మెట్లు ఎక్కలేరు గనుక కింది అంతస్తులో తరగతి ఉన్నదీ లేనిదీ తెలుప ప్రార్థన.'

దానికి మాత్రం ఆ కాలేజీ బదులివ్వలేదు. ఆ నెలంతా పోస్టుమ్యాన్ వచ్చే వేళకి అవ్వ దుకాణం గడప దగ్గర కూర్చునేది. ఎందుకని అడిగితే, "గాలికి" అనేది. నకలు మీద ఆనాటి గుమాస్తా చేత్తో 'జవాబు రావలసి ఉంది' అని ఉంది. ఆ గుమాస్తాని చూసి నవ్వుకున్నాను గానీ, ఆ మాట కొట్టివేయడానికి చెయ్యి రాలేదు.