వేలు చెప్పిన వేడి

మా ల్యాబులో ఖరీదైన మీటర్లు చాలానే ఉండేవి. అవి ఏం చెప్పినా చివరికి మేమంతా నమ్మింది ఒక్కదాన్నే: మా సీనియర్ టెక్నీషియన్ గారి కుడి చూపుడువేలు.

కార్ఖానా అనే పేటలో ఒక ఇంటి పైఅంతస్తు మా ఆఫీసు. రేడియో సంకేతాలకు బలమిచ్చే పవర్ యాంప్లిఫయర్లు తయారు చేసేవాళ్ళం. యాంప్లిఫయర్ నడుస్తుండగానే ఆయన బోర్డు మీది రాగి పట్టీని ఆ వేలితో అక్కడోసారి, ఇక్కడోసారి తాకేవారు. ఎక్కడ తాకితే మీటరు ముల్లు పెరుగుతుందో అక్కడ చిన్న కెపాసిటర్ అతికించాలని లెక్క. తర్వాత స్విచ్ ఆపి, ట్రాన్సిస్టర్ మూత మీద అదే వేలు పెట్టి, ఎంత కాలుతోందో చెప్పేవారు. ఆదివారాలు ఆ వేలు బోయిన్‌పల్లిలో వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయించేది. ఆయన్ని నేను అంకుల్ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మా అనేవారు, పని చెడగొట్టిన రోజున మాత్రం మేడమ్ అనేవారు. మేడమ్‌గా గడిపిన రోజులే ఎక్కువ.

ఆ ఏడాది నాకు ఔట్‌పుట్ ఇంపీడెన్స్ పెంచే పిచ్చి పట్టుకుంది. పాఠ్యపుస్తకాలు దాన్ని అవరోధం అంటాయి. చదువు నుంచి ప్రమోషన్ దాకా నాకు అవరోధాలు అడక్కుండానే వచ్చాయి; కోరి పెంచుకున్నది ఇదొక్కటే. పాత బోర్డులోని ఒక్క పెద్ద ట్రాన్సిస్టర్ అవరోధం ఒకటి రెండు ఓములు. యాంటెన్నాకు వెళ్ళే కేబుల్‌ది యాభై. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి మధ్యలో పెట్టే భాగాలు బోలెడు శక్తిని వేడిగా మింగేసేవి. అందుకని నాలుగు చిన్న ట్రాన్సిస్టర్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టాను, ఉట్టి కొట్టేవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కినట్టు. నాలుగింటి వోల్టేజీ కలుస్తుంది, కరెంటు మాత్రం పెరగదు. అవరోధం దానంతటదే యాభైకి దగ్గరవుతుంది, మధ్యవర్తులతో పెద్దగా పని ఉండదు.

ఇంపీడెన్స్‌లోనే ఇంపు ఉందని ఆఫీసంతా చెప్పుకు తిరిగాను. ఎవరూ నవ్వలేదు. చెప్పవలసిన మాట మాత్రం నేను అంకుల్‌కి చెప్పలేదు. పాత బోర్డులో ఆ రాగి పట్టీ మీద ఉండేది ఇరవై ఎనిమిది వోల్టులు, వేలు ఓర్చుకోగలిగినంత. కొత్తదాంట్లో దానికి నాలుగింతలు, ఆపైన రేడియో తరంగం ఊగినప్పుడల్లా ఇంకా పైకి. చూడడానికి మాత్రం అచ్చం పాతదే. అదే కొలత, అదే డబ్బా. పాత డబ్బాలు వృథా పోకూడదని నేనే అలా గీశాను. తాకరాదన్న ఎర్ర స్టిక్కర్ అంటించిన మాట నిజమే. కానీ ఆ స్టిక్కర్ మా దగ్గర అన్నింటి మీదా ఉండేది, ఎవరిదో టిఫిన్ క్యారియర్ మీద కూడా.

మొదటిసారి ఆన్ చేసింది పొద్దున పదకొండింటికి. పవర్ సప్లై నా వెనక బల్ల మీద ఉంది, దాన్ని పెంచింది నేనే. పాత బోర్డు చిన్నగా మూలిగేది. ఇది కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దం నాకు గర్వంగా అనిపించింది.

ఆయన బోర్డు మీదికి వంగారు. "జెర మీటర్ చూడమ్మా. పెరిగితే చెప్పు."

చూశాను. ముల్లు ఒక్క ఉదుటున కిందికి పడింది. తగ్గింది అంకుల్, అన్నాను తల తిప్పకుండా. కోడి ఈకలు కాల్చినప్పటి వాసన వచ్చింది.

తిరిగి చూసేసరికి ఆయన వేలిని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసుకుంటున్నారు. కొసన ఆవగింజంత తెల్లని చుక్క. రక్తం లేదు. చీమ కుట్టినట్టయింది, గంతేనన్నారు. అప్పుడు చెప్పాను వోల్టేజీ సంగతి. ఆయన చివరిదాకా విన్నారు.

"ముందుగాల చెప్తే తాకుదునా, మేడమ్?"

డాక్టరు మందు రాసి, ఇలాంటివి పైకి చిన్నగా ఉంటాయి, లోపల ఎంత కాలిందో ఇప్పుడే చెప్పలేనన్నారు. ఆ వారమంతా రోజూ అడిగాను. నొప్పి అస్సలు లేదని ఆయన రోజూ హుషారుగా చెప్పారు. ఆదివారం కీబోర్డు వాయించగలిగారా అంటే, వాయించిన, పాస్టర్ గారే జెర మెల్లగ కొట్టమన్నరు అని నవ్వారు. నేనూ నవ్వాను.

మూడో వారానికి తెల్లచుక్క మానింది. ఇప్పుడు రాగి పట్టీని ప్లాస్టిక్ పుల్లతో తాకుతున్నాం. ట్రాన్సిస్టర్లకు వోల్టేజీ సమానంగా పంచే కెపాసిటర్లు మార్చి, బోర్డును అరగంట నడిపించాం. పైనున్న ట్రాన్సిస్టర్ మీదే భారమంతా పడుతోందేమోనని నాకు అనుమానం. పడితే అది మిగతావాటికన్నా ఎక్కువ కాలాలి. స్విచ్ ఆపగానే ఆయన అలవాటుగా వేలు తీసుకెళ్ళి దాని మూత మీద ఆనించారు. కాసేపు అలాగే ఉంచారు.

"చల్లగనే ఉన్నదమ్మా. మస్తు చేసినవ్."

అన్ని వారాల తర్వాత మళ్ళీ అమ్మా అన్నారు. ఆ సంతోషంలో నేనూ ఆయన వేలి పక్కనే నా వేలు పెట్టాను.

చుర్రుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆయన వేలు ఇంకా అక్కడే ఉంది. మణికట్టు పట్టుకుని లాగితే, ఏందమ్మా అన్నట్టు నావైపు చూశారు.