మా నాయన లైసెన్సు

ఆమధ్య ఒక మంగళవారం, తిరుపతిలో, పట్టపగలు మా నాయన నాకు కనబడినాడంటే మీరు నవ్వుతారు. నవ్వండప్పా. ఆయన పోయినాక నా మీసం రెండు మార్లు నెరిసింది. అయినా కనబడినాడు, అదీ లైసెన్సుతో సహా.

ముందు మా చెల్లెలు రాజమ్మ సంగతి చెప్పాల. మొగుడు పోయినాక సత్యవేడు పక్కనుండే పొలమే దానికి దిక్కు. మొన్నామధ్య ఫ్యాక్టరీవాళ్ళు ఆ పొలం కొన్నారు. వచ్చిన డబ్బు బ్యాంకులో వేసి, ఇంక చచ్చేదాకా దాంతోనే బతకాలని మా ఇంటికి వచ్చేసింది. డబ్బు వాసన యాడ తగిలిందో ఏమో, టై కట్టుకున్న ఏజెంటొకడు వాకిట్లో దిగినాడు. టేకు చెట్ల కంపెనీ అంట. వాళ్ళు మొక్క నాటితే మనకు నోట్లు కాస్తాయంట. రాజమ్మ అంతా విని, మా అన్న చూసి చెప్పనీ, అనింది.

ఎందుకనదు? నాయుడుపేట సంతలో ఎద్దు నోరు తెరిచి చూడకుండానే, దాని దగ్గు విని వయసు చెప్పినవాణ్ణి నేను. నేను అంగట్లో అడుగు పెడితే కల్తీ నెయ్యి సిగ్గుపడి దానంతటదే కరిగిపోతుంది.

ఏజెంటు నా మీసం చూసి మెత్తబడినాడు. "మా మాట నమ్మొద్దు సార్. ఇట్లాంటి కంపెనీల మీద గవర్నమెంటు రెగ్యులేటర్ ఒకరుంటారు. వాళ్ళ వెబ్‌సైట్లో మా పేరుందో లేదో మీరే చూసుకోండి" అని, ఆ వెబ్‌సైటు అడ్రసు కూడా వాడే కార్డు మీద రాసిచ్చినాడు. నమ్మొద్దనేవాణ్ణి నమ్మకుండా ఎట్లుంటాం? వాణ్ణి రాజమ్మ దగ్గర కూర్చోబెట్టి, మా సందు చివర ఇంటర్నెట్ సెంటరుకు పోయినాను.

మబ్బు పట్టి మధ్యాహ్నమే మసక కమ్మింది. కరెంటు లేదు. ఇన్వర్టరు మీద కంప్యూటర్లు మాత్రం గుడ్లగూబ కళ్ళ మాదిరి వెలుగుతా ఉండాయి. చెప్పులు బయట విడిచి, ప్లైవుడ్ గదిలో దూరి, నల్లగుడ్డ తెర లాక్కున్నాను. పక్క గదుల్లో మనిషి అలికిడి లేదు. అడ్రసు కొట్టినాను. నాలుగు సింహాలు, పచ్చటి ముద్ర, మెల్లగా తెరుచుకున్నాయి. ముందు మీ ఫోన్ నంబరు అనింది, ఇచ్చినాను. కంపెనీ పేరు కొట్టినాను. పచ్చ టిక్కు పడింది. రిజిస్టర్డ్. లైసెన్సు యాక్టివ్.

వెంటనే సెల్లు తీసి ఇంటికి ఫోన్ కొట్టి, "రాజమ్మా, నేను చూసేసినా. కంపెనీ నిఖార్సైనది. సంతకం పెట్టేయ్" అన్నాను.

ఆడితో లేచి వచ్చేసింటే సరిపోయేది. కానీ ఇంత పెద్ద గవర్నమెంటు పుస్తకంలో నా పేరు లేకుండా పోతుందా అని చిన్న ఆశ. గోవిందస్వామి అని కొట్టినాను. పచ్చ టిక్కు. రిజిస్టర్డ్. నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఆలస్యంగానైనా ఢిల్లీవాళ్ళు గుర్తించినారనుకున్నాను. నాకే ఇస్తే మరి మా నాయనకు? ఆయన నాకంటే గొప్పోడు కదా. మునస్వామి అని కొట్టినాను.

పచ్చ టిక్కు. లైసెన్సు యాక్టివ్.

యాక్టివ్ అంటే ఏమో నాకు తెలుసు. పోయినవాళ్ళు యాక్టివ్‌గా ఉండరని కూడా తెలుసు. చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. సరిగ్గా అప్పుడు నా సెల్లు మోగింది.

ఆడమనిషి గొంతు. చల్లగా, ఊపిరి తీసుకున్నట్టే లేదు. వెనకాల చిన్న చప్పుడు కూడా లేదు. "గోవిందస్వామి గారూ, రెగ్యులేటర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. ఇప్పుడు మునస్వామి గారి గురించి ఎందుకు వెతుకుతున్నారు సార్?"

తెర తీసి చూసినాను, ఎవరూ లేరు. నేను కొట్టే ప్రతి అక్షరం ఆ గొంతు యాడనో కూర్చుని చూస్తా ఉండాది.

"మా నాయన... ఆడున్నాడా అమ్మా?" అని అడిగినాను. సిగ్గు లేదు, నిజంగానే అడిగినాను.

"ఉన్నారు సార్. చాలా మంచి రికార్డు. మీరు ధైర్యంగా డబ్బు పెట్టొచ్చు."

ఫోన్ కట్ చేసినాను. కళ్ళు మూసుకుని నోరు తిరగని అక్షరాలేవో కొట్టినాను. దానికీ పచ్చ టిక్కే. అప్పుడు వెలిగింది నాకు. గంగమ్మకు పూలు పెట్టి అడిగితే, ఆ తల్లి కూడా అప్పుడప్పుడు ఎడంపక్క పువ్వు రాల్చి వద్దంటుంది. ఇది దేనికీ కాదనదే. వాడు దొంగ, ఆ వెబ్‌సైటూ ఆ ఫోను గొంతూ వాడివే, వాడు చూపించిన సాక్షినే పోయి అడిగి వస్తిని నేను. గవర్నమెంటు అడ్రసు నేను వెతుక్కోవాల గానీ వాడు రాసిస్తే ఎట్ల?

ఇంటికి ఫోన్ చేస్తే ఎంగేజ్. చెప్పులు వదిలేసి వానలో పరిగెత్తినాను. గుర్రాలు కూడా దారి ఇచ్చినాయి. సరే, ఒక జట్కా గుర్రం. వాకిట్లో ఏజెంటు బండి లేదు. లోపల రాజమ్మ కాఫీ గ్లాసు కడుగుతా ఉండాది.

"సంతకం పెట్టేసినావా?"

"లేదన్నా. పంపించేస్తిని."

"నేను నిఖార్సైనదని ఫోన్ చేస్తిని కదే?"

"అందుకే పంపించేస్తిని" అనింది, గ్లాసు బోర్లించి. "నువ్వు నిఖార్సంటివని వేసిన బోరు ఎండిపాయ. నువ్వు నిఖార్సంటివని కొన్న ఎద్దు మూడు కాళ్ళ మీద నిలబడె. నువ్వు ఫోన్ చేసేదాకా నాకు అనుమానంగా ఉన్నింది. నీ మాట ఇన్నాక తేలిపాయ."

నేనేమీ చిన్నబోలేదు. ఆ పొద్దునుంచి మా ఇంట్లో మిక్సీ కొనాలన్నా, సంబంధం చూడాలన్నా ముందు నన్నే అడుగుతారు. నేను బాగుందంటే మానేస్తారు. ఇంత నమ్మకమైన రెగ్యులేటర్ చిత్తూరు జిల్లాలో ఇంకొకడుంటే చూపించండప్పా.