మాజ్రి జట్టుకు కాల్చిన అరటిపండ్లు

ఆ రోజుల్లో మా లాల్‌పేట్ బొగ్గు గనుల కాలనీలో కబడ్డీ జట్టు ఓడిందంటే ఆడినవాళ్ల తప్పు ఎప్పుడూ ఉండేది కాదు. పిల్లి అడ్డం వచ్చి ఉండాలి, లేదంటే ఎవడో వెనక నుంచి పిలిచి ఉండాలి, రెండూ కాకపోతే బయలుదేరేటప్పుడు ఎదురొచ్చిన మనిషి మంచిది కాకపోయి ఉండాలి. నేను ఆ మూడో రకం. ముప్పై నిండకముందే మొగుడు పోయినదాన్ని కదా, పొట్ట ముందు నడిస్తే తాము వెనక నడిచే ఆటగాళ్ల ఓటములు కూడా వచ్చి నా ముఖానికే అంటుకునేవి. (నాకు రాత అంతంతమాత్రం. నేను చెబుతుంటే మంచిర్యాల నుంచి కోడలిగా వచ్చిన పక్కింటి అమ్మాయి రాస్తోంది. తప్పులుంటే ఆమెవి, అబద్ధాలుంటే నావి.)

ఆయన జ్వరంతో పోయిన ఏడాది, గడ్‌చాందూర్‌లో ఉండే మా అన్న వచ్చి, తన ఇంటికొచ్చి ఉండమన్నాడు. అన్న మంచివాడే. కానీ వెంట వచ్చిన వదిన నా ముఖం కన్నా ముందు నా చేతులు చూసింది, ఎన్ని గిన్నెలు తోమగలవో అని. మా అత్త ఆ చూపు కనిపెట్టి, "పోతే పో పిల్లా. ఆడ గిన్నెలు తోముకుంట నన్ను యాది చేసుకో" అంది. నేను పోలేదు. చలికాలంలో మా మైదానంలో ఆదివారం ఆదివారం కబడ్డీ పోటీలు జరుగుతాయి. ఆ మైదానం గేటు పక్కన బొగ్గుల సిగిడి పెట్టుకున్నాను. మక్క కంకులు, మోరంగడ్డలు అందరూ కాలుస్తారు కదా అని నేను అరటిపండు కాల్చాను. తొక్కతోనే నిలువుగా చీల్చి, బెల్లం, ఎండుకొబ్బరి, యాలకుల పొడి కూరి, తొక్క నల్లబడి లోపల బెల్లం ఉడికేదాకా ఇనుప జాలీ మీద ఉంచి, మోదుగాకులో పెట్టి ఇవ్వడం. ఒక్కటే చిక్కు. మా దగ్గర దొరికేది పచ్చి బొగ్గు. పొద్దున్నే బయట అంటించి, పొగంతా పోయి ఎర్రబడ్డాకే దాని మీద ఏదైనా పెట్టాలి. మొదటి రోజు తొందరపడ్డాను. తిన్నవాళ్లు ఇది తోటలో కాసిందా, బొగ్గు బాయిలో కాసిందా అని అడిగారు.

పోటీల కమిటీకి అధ్యక్షుడు బట్టల కొట్టు సేఠ్. ఆయన మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడేది. రెఫరీ వేరే ఉండేవాడు, అయినా ఈయనా ఊదేవాడు. ఎవరి విజిల్‌కు ఆగాలో తెలియక ఆటగాళ్లు ఇద్దరికీ ఆగేవాళ్లు. రెండో ఆదివారం మా జట్టు ఓడిపోయింది. జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడు ఆటకు ముందు నా దగ్గర మూడు పండ్లు తిన్నాడు. అంత బెల్లం కడుపులో వేసుకుని కూతకు పోతే ఎవడికైనా ఊపిరి ఆడుతుందా? కానీ కమిటీవాళ్లు వాడి పొట్ట చూడలేదు, నా బోసి నుదురు చూశారు. సేఠ్ ఎంతో మర్యాదగా వచ్చి, "చెల్లె, నాకైతే గిసొంటి నమ్మకాల్లేవు. పబ్లిక్ అంటున్నరు. నీళ్ల ట్యాంకర్ ఎనుక కూసో. ఆడ నీడ గూడ ఉంటది" అన్నాడు. చలికాలంలో మనిషికి నీడ దానం చేసిన మహానుభావుణ్ని నేను ఆయన్నొక్కణ్నే చూశాను. (మా అత్త కూడా నాలాంటిదే. అయితే వయసు మళ్లాక ముఖానికి శక్తి తగ్గిపోతుందని కమిటీ లెక్క. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.)

ట్యాంకర్ వెనక ఉన్నానని ఎవరికి తెలుస్తుంది? తర్వాతి ఆదివారం సగం పొద్దు దాకా నా నిప్పు నా చేతులు కాచుకోవడానికే పనికొచ్చింది. ఇలాగే ఇంకో వారం గడిస్తే గడ్‌చాందూర్ బస్సు ఎక్కాల్సిందే అనుకుంటుంటే, మఫ్లర్‌తో ముఖం కప్పుకున్న ఒకాయన అటూ ఇటూ చూసి నాలుగు పండ్లు అడిగాడు. మనవాళ్లకా అన్నా అని అడిగాను. "ఛీ ఛీ, మనోళ్లకెందుకు. అవుతలోళ్లకు. మెహమాన్లు గద" అన్నాడు. ఆ మెహమాన్లు వేడివేడిగా తిని, కూత మధ్యలో తేన్పులు తేన్చి ఓడిపోయారు. ఇంక చూడండి. పొరుగు జట్టుకు మంచినీళ్లు కూడా ఇవ్వని మా కాలనీకి ఒక్కసారిగా అతిథుల మీద ప్రేమ పుట్టింది. అందరూ మఫ్లర్లు కప్పుకుని ట్యాంకర్ చాటుకు రావడమే. కొద్ది రోజులకు అవతలివాళ్లకూ ఈ సంగతి తెలిసి, వాళ్లు మా జట్టుకు కొనిపెట్టడం మొదలుపెట్టారు. ఊరికే వస్తే మావాళ్లు ఏది వద్దన్నారు గనుక? రెండు జట్లూ నా పండ్లే తిని ఆడేవి, ఎలాగూ ఒకటి ఓడేది, ఆ ఓటమి నా పేరు మీద పడేది. గెలిచిన జట్టు కూడా నావే తిందని ఒక్కడికీ గుర్తుండేది కాదు.

ఫైనల్ మాకూ మాజ్రి జట్టుకూ పడింది. ఆ పొద్దున సేఠ్ స్వయంగా ట్యాంకర్ వెనక్కి వచ్చి, ఇవాళ చేసినవన్నీ మాజ్రివాళ్లకే ఇవ్వాలని, మనవాళ్లకు ఒక్కటి కూడా ఇవ్వొద్దని చెప్పాడు. మరి గేటు కాడ నా జాగా నాకిస్తావా అని అడిగాను.

"మనం గెలిస్తే గేటు నీదే చెల్లె."

"చేతిల చెయ్యేసి చెప్పు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మాట సాలదా" అన్నాడు.

ఆయన పోయాక మా అత్త విసనకర్రతో బొగ్గులు విసురుతూ, "గెలిపిచ్చే ముఖం కాదంటిరి. ఓడగొట్టే ముఖానికి నౌకరి దొరికింది" అంది.

అంతవరకు నేను పెళ్లివాళ్లు ఎదురొస్తే సందు మారేదాన్ని. పిల్లలు పరీక్షకు పోతుంటే తలుపు వేసుకునేదాన్ని. ఎవరూ చెప్పక్కర్లేదు, నాకు నేనే నమ్మాను. ఆ రోజు మాత్రం తల దువ్వుకుని, కొంగు తల మీద నుంచి తీసేసి, మాజ్రి జట్టు జీపు ఆగే చోట నడిమధ్యన నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి నా ముఖాన్ని పని మీద తీసుకుపోయాను. దిగినవాణ్ని దిగినట్టు ఒక్కొక్కణ్నీ సూటిగా చూశాను. వాళ్ల కెప్టెన్ తాటిచెట్టంత పొడుగు, కరీంనగర్ నుంచి బొగ్గు పనికి వచ్చినవాళ్ల కొడుకు. నన్ను చూసి స్వాగతం చెప్పడానికి వచ్చాననుకున్నాడు. "నమస్తే అక్కా. గిట్ల ఎదురొచ్చి పిలిచేటోళ్లను ఏడ సూడలే" అన్నాడు. నాకు కాస్త సిగ్గేసింది. కానీ వదిన గిన్నెలు గుర్తొచ్చి, అతణ్ని ఇంకోసారి గట్టిగా చూశాను. పండ్లన్నీ చేతికిచ్చాను. అతను వాసన చూసి, మళ్లీ ఆకుల్లో చుట్టి పక్కన పెట్టేశాడు.

"ఆటకు ముంగట తింటే కూత రాదక్కా. అయినంక తింటం."

ఒక్కటైనా తినండని బతిమాలాను. ఏడుగురిలో ఒక్కడూ ముట్టలేదు. అన్ని ఆదివారాలూ ఏం జరిగిందో నాకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేయను, నా గేటు పోతోంది.

మాజ్రివాళ్లు గెలిచారు, అదీ మామూలుగా కాదు, మావాళ్లు గీత కూడా తాకలేనంతగా. గెలిచి, మట్టిలోనే కూర్చుని, చల్లారిన పండ్లు విప్పి, ఓడిన మావాళ్లను కూడా పిలిచి పంచుకుని తిన్నారు. సేఠ్ నా దగ్గరికి వచ్చాడు. కోపంగా కాదు, మోసపోయిన మనిషిలా వచ్చాడు.

"ఏందమ్మా గిది. ఎదురుంగ నిలవడితివి, నీ చేతులతోనే ఇస్తివి. అయినా గెలిచిన్రు. నీ ముఖం గూడ పని చెయ్యకపాయె."

ఏడుద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆ మాట వినేసరికి ఏడుపు ఎటో పోయింది.

"పని చెయ్యని ముఖం గేటు కాడ ఉంటే నష్టమేంది సేటూ?"

ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా తీసేశాడు. కమిటీవాళ్ల వైపు చూశాడు. వాళ్లు ట్యాంకర్ వైపు చూశారు. వాళ్లు అటు చూస్తుండగానే నేనొక పక్క, అత్త ఒక పక్క గుడ్డపేలికలతో పట్టుకుని, మండుతున్న సిగిడిని అలాగే మోసుకుపోయి గేటు దగ్గర దించాం. ఇవాళ్టికీ అక్కడే ఉన్నాను. ఇప్పుడు పక్కన ఫోన్‌తో డబ్బులు కొట్టే బొమ్మ కూడా అతికించి ఉంది. ఆటగాళ్లు ముందే తింటామని వస్తే తిట్టి పంపుతాను.

కానీ ఒక మాట చెప్పాలి. ఆ రోజు ఇంటికి పోతూ నేను సంతోషించాల్సింది కదా? కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఊరంతా భయపడ్డ ముఖం, తీరా చూస్తే ఏడుగురు కుర్రాళ్లను ఓడించలేకపోయిందే అని. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. బుగ్గ మీద బొగ్గు మసి తప్ప అందులో ఏమీ లేదు. అద్దంలోని ఆ పిచ్చిపిల్ల దాన్ని తుడుచుకోవడం కూడా మరిచి, చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది.