గురునాథం చెప్పిన అర్థం

జమ్మలమడుగు తాలూకా ఆఫీసులో గురునాథం నకళ్లు రాసే గుమాస్తా. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినవాడు. ఎంత పెద్ద ఇంగ్లీషు కాగితమైనా అక్షరం పొల్లుపోకుండా ఎక్కించేవాడు గానీ, అందులో ఏముందో సగం కూడా తెలిసేది కాదు. ఆ సంగతి ఇంట్లో భార్య కమలాంబకు కూడా చెప్పలేదు. వీధిలో వాళ్లు తనను ‘ఇంగ్లీషొచ్చినాయన’ అంటుంటే వినడం ఆయనకు ఇష్టం.

1958 వేసవిలో పెన్న ఒడ్డున డేరా వేసిన టూరింగ్ టాకీసు యజమాని అమీర్ బాషా ఒక ఇంగ్లీషు సినిమా తెప్పించాడు. కత్తియుద్ధాల సినిమా అయితే జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇందులో మాటలు ఎక్కువ. తెర పక్కన మైకు పట్టుకుని అర్థం చెప్పమని గురునాథాన్ని అడిగాడు. ఆయన కాదనలేకపోయాడు.

కథ ఇలా ఉంది. ఒక డాక్టరు ఒక యంత్రం తయారు చేస్తాడు. అందులో పడుకున్న మనిషికి వచ్చే కల బయటివాళ్లకు కూడా కనబడుతుంది. తప్పిపోయిన భార్య కోసం బెంగపెట్టుకున్న ఒకాయన వచ్చి అందులో పడుకుంటాడు. కలలో ఆమె ఏదో ఓడరేవులో కనబడుతుంది. తర్వాత ఆయన రైలెక్కి ఆ ఊరికి పోతాడు. ఆమె అక్కడే ఉంటుంది. ఆఖరి సీనులో మాత్రం ఆయన మళ్లీ యంత్రంలోనే పడుకుని ఉంటాడు. డాక్టరు తల వంచుకుని ఏదో అంటాడు. ఆ అన్నదేమిటో గురునాథానికి అందలేదు. జనం తనవైపే చూస్తున్నారు. ప్రయాణం బడలికతో ఆయన నిద్రపోయాడనీ, భార్యను కనిపెట్టినందుకు డాక్టరు మెచ్చుకుంటున్నాడనీ చెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున షాహీదాబీ వాకిట్లోకి వచ్చింది. అదే వీధిలో ఉంటూ గాజుల మలారం మోసుకుని ఊళ్లు తిరిగే మనిషి. ఆమె మొగుడు యూనుస్ పాత్రలకు కళాయి పూసేవాడు. సింహాద్రిపురం వైపు పనికని పోయి రెండేళ్లయింది, తిరిగి రాలేదు. ఆమె సంకోచపడుతూ అడిగింది.

“నాకూ మా ఆయన కలలో అగుపడతాండాడప్పా. పులివెందుల అంగళ్ల కాడ కొలిమి పెట్టుకోని కూచున్నెట్టు. ఆ సినిమాలో మాదిరి అది నిజమేనా?”

తెలియదని చెప్పడానికి గురునాథానికి నోరు రాలేదు. దొరలు పరీక్షలు చేసి తేల్చిన సంగతేనని, అటువంటి కలలు ఊరికే రావని చెప్పాడు. ఆ మధ్యాహ్నమే ఆమె మలారం పక్కింట్లో పెట్టి బస్సెక్కింది.

రెండు రోజుల తర్వాత వేదవ్యాస ఆ సినిమా చూడ్డానికి వచ్చాడు. ప్రొద్దుటూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మేష్టరు, కమలాంబకు దూరపు బంధువు. ఆట అయ్యాక గురునాథాన్ని పక్కకు పిలిచి, ఎవరికీ వినబడకుండా చెప్పాడు.

“ఆయప్ప రైలు ఎక్కనేలేదు గురునాథం. ఆ యంత్రంలోంచి లేసిందే లేదు. భార్య దొరికిందంతా కలే. ఆయప్ప చచ్చిపోయినాడనే డాక్టరు చెప్పింది.”

గురునాథం చెవులు వేడెక్కాయి. అప్పటికప్పుడు పులివెందులకు బయల్దేరి ఉండవలసింది. బయల్దేరలేదు. ఆమే తిరిగొస్తుందిలే, ఈ సంగతి ఎవరికీ తెలియకుండా పోతుందిలే అనుకుంటూ ఇంకా నాలుగు రోజులు ఆఫీసుకు పోయి నకళ్లు రాశాడు. ఐదో రోజు ఆదివారం. ముద్దనూరు, తొండూరు మీదుగా పోయే బస్సెక్కాడు.

పులివెందులలో పాత్రల అంగళ్ల వీధిలో ఆమె కనిపించింది. ఒక అరుగు అంచున కూర్చుని ఉంది. కాళ్లు వాచిపోయాయి. వారం రోజులుగా యూనుస్ పోలికలు చెప్పి అందరినీ అడుగుతోందని అంగడాయన అన్నాడు. గురునాథాన్ని చూడగానే ఆమె గబగబా లేచి నిలబడింది. ముఖం ఒక్కసారిగా వెలిగింది.

“ఏమన్నా తెలిసిందా అప్పా?”

ఆ ముఖం చూశాక ఆయనకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

“ఏమీ తెలీలేదమ్మా. ఆ సినిమా నాకు అర్థమే కాలేదు. అర్థం కాలేదని చెప్పేదానికి సిగ్గుపడి కల్పించి చెప్పినా.”

ఆమె మళ్లీ అరుగు మీద కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది.

“సినిమాలో చెప్పింది పోనీ. పొద్దున నీ వాకిట్లోకి వచ్చి అడిగితినే. ఆడ జనం లేరు, మైకు లేదు. అప్పుడన్నా తెలీదంటే నీకేం పోయేది?”

తిరుగు బస్సులో ఆమె ముందు సీట్లో, ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. తొండూరులో టీ తెచ్చి ఇవ్వబోయాడు. ఆమె కిటికీవైపు తిరిగింది.

ఆ వారం ఆఖరి ఆటలో గురునాథం మైకు పట్టుకుని, ఇన్నాళ్లూ తను చెప్పింది తప్పని, ఆ మనిషి చూసినదంతా కలేనని అందరికీ చెప్పాడు. నేలమీద కూర్చున్నవాళ్లలో ఎవరో పకపకా నవ్వారు. కమలాంబ ఆడవాళ్ల వైపు కూర్చుని ఉంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. అమీర్ బాషా మరుసటి వేసవికి వేరే మనిషిని చూసుకున్నాడు.

తర్వాత గురునాథం ఆఫీసు పనిమీద పులివెందులకు పోయినప్పుడల్లా పాత్రల అంగళ్లలో యూనుస్ గురించి అడిగేవాడు. ఎవరికీ తెలియదు. ఇంకో రెండేళ్లు చూసి షాహీదాబీ కడపలో అక్క దగ్గరికి వెళ్లిపోయింది. వీధిలో ప్రతి గడపకూ వెళ్లి పోయొస్తానని చెప్పింది. గురునాథం గడపకు రాలేదు. ఆయన తలుపు చాటునే నిలబడి, జట్కా మలుపు తిరిగేదాకా చూశాడు.