బాబాయ్ గారి ఆఖరి ఫిల్ము

భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే పక్కన కూర్చుని నవ్వే రకం నేను. ఇప్పటికీ ఒంటరిగా చీకట్లో పడుకోవడానికి నాకు భయం లేదు. ఈ మాట ముందే ఎందుకంటే, తర్వాత రాసింది చదివి నన్ను మరోలా అనుకుంటారేమోనని.

నాకు ఫిల్ము కెమెరా పిచ్చి. ఫోన్లో ఎన్ని ఫోటోలున్నా, ఫిల్ము కడిగి, ఏమొచ్చిందా అని వెలుగుకి ఎత్తి చూసుకునే ఆ క్షణం వేరు. మా రెండు జిల్లాల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళం కొద్దిమందిమే. నెలకో ఆదివారం కొవ్వూరులో కామేశ్వరరావు గారి మేడ మీద కలిసేవాళ్ళం.

ఆయనకి రాజమండ్రిలో బట్టల కొట్టు ఉండేది. దాన్ని అల్లుడికి అప్పగించి కెమెరా పట్టుకున్నారు. మేడ మీద బాత్రూముని ఫిల్ములు కడుక్కునే డార్క్‌రూముగా మార్చుకున్నారు. నేను ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని.

మేం తెచ్చిన ప్రింట్లన్నీ డాబా మీద తాడు కట్టి, క్లిప్పులు పెట్టి వేలాడదీసేవారు. ఒక్కోదాని ముందూ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడేవారు. ఎవరి ఫోటోనీ బాగాలేదు అనగా నేను వినలేదు. "ఇక్కడ నువ్వొక్క అడుగు ముందుకేసుంటే ఇంకా బావుండేది కదమ్మాయ్" అనేవారు, అంతే. ఆ ఒక్క మాట కోసం భీమవరం నుంచి రైలెక్కి వెళ్ళేదాన్ని. రామచంద్రపురంలో కొబ్బరితోటలున్న రవి మోటారుసైకిలుకి బొండాలు కట్టుకుని వచ్చేవాడు.

పిన్ని గారు, అంటే బాబాయ్ గారి భార్య, కింద నుంచి వేడి వేడి పెసరట్లు పంపేవారు. తను మాత్రం పైకి వచ్చేవారు కాదు. ఆ కెమికల్ కంపు పడదనేవారు. "అయినా మీ బాబాయ్ గారికి పడవలూ బ్రిడ్జీలూ కావాలి గానీ నా మొహం ఎందుకమ్మా" అని నవ్వేవారు. ఆ నవ్వులో కాస్త నిష్టూరం ఉండేది.

కిందటి వానాకాలం బాబాయ్ గారు గుండెపోటుతో ఆసుపత్రిలో చేరారు. ఇంటికి తిరిగి రాలేదు.

కార్యక్రమాలన్నీ అయ్యాక పిన్ని గారు నాకు ఫోన్ చేశారు. ఆయన కెమెరాలో ఫిల్ము అలాగే ఉండిపోయిందట. "ఎవరికో ఇచ్చి పాడుచేసుకోవడం నాకిష్టం లేదమ్మా. ఆయన గదిలోనే, మీ చేతుల్తోనే కడగండి" అన్నారు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం నేనూ రవీ వెళ్ళాం. వాన పడి వెలిసి, ఒకటే ఉక్క.

ఫిల్ము కడగాలంటే ముందు దాన్ని పూర్తి చీకట్లో ఒక ప్లాస్టిక్ చక్రానికి చుట్టాలి. ఆ చక్రాన్ని వెలుగు చొరబడని డబ్బాలో పెట్టి మూత వేశాకే లైటు వేసుకోవచ్చు. రీలు డబ్బీలోంచి బయటికుండే ఫిల్ము కొస రెండు మూలలూ ముందే, వెలుగులోనే కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే చక్రంలోకి సాఫీగా ఎక్కుతుంది. అది బాబాయ్ గారు నేర్పిందే. ఆ రోజు కంగారులో నేను కొసని అడ్డంగా కత్తిరించి, మూలల సంగతి మర్చిపోయాను. కత్తెర బయట బల్ల మీదే వదిలేసి లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నాను.

చీకట్లో ఫిల్ము కొంచెం ఎక్కి ఆగిపోయింది. వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ ఆగింది. అరచేతుల్లో చెమట. తడి తగిలితే ఫిల్ము అంటుకుపోతుంది, బలవంతపెడితే నలుగుతుంది. నలిగిన చోట బొమ్మ పోతుంది. ఇది ఇంకోసారి తీయగలిగిన ఫిల్ము కాదు. ఏడుపొచ్చేసింది. "ఇంక నా వల్ల కాదు బాబాయ్ గారూ" అని పైకే అన్నాను.

అప్పుడు నా చేతుల మీద వేరే చేతులు పడ్డాయి.

పొడిగా ఉన్నాయి. తొందరేమీ లేదు వాటికి. నా వేళ్ళ మధ్య నుంచి ఫిల్మునీ చక్రాన్నీ మెల్లగా తీసుకున్నాయి. నేను కదల్లేదు. రవి వచ్చాడేమో అనుకుందామంటే, తలుపు తెరిస్తే వెలుగు రావాలి. కాసేపటికి చక్రం అటూ ఇటూ తిరుగుతూ ఫిల్మును లోపలికి లాక్కునే చప్పుడు వినిపించింది. టిక్కు టిక్కుమని, ఎక్కడా ఆగకుండా. తర్వాత చక్రం నా చేతిలోకి వచ్చింది. తడిమి చూస్తే ఫిల్ము మొత్తం చుట్టి ఉంది.

డబ్బాలో పెట్టి మూత బిగించి లైటు వేశాను. ఎవరూ లేరు. గడియ వేసింది వేసినట్టే ఉంది. నాకు భయం వేయలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

రవి కింద పిన్ని గారి దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అతనికేమీ చెప్పకుండా పైకి పిలిచి, ఇద్దరం కలిసి ఫిల్ము కడిగాం. చక్రం మీంచి విప్పుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఫిల్ము కొస రెండు మూలలూ గుండ్రంగా, చక్కగా కత్తిరించి ఉన్నాయి.

అప్పుడు జరిగినదంతా చెప్పాను. "కంగారులో మీరే కత్తిరించి మర్చిపోయుంటారండి మేడమ్" అన్నాడు రవి. నాకూ అదే నిజమైతే బావుండుననిపించింది. బయట బల్ల మీద నేను కత్తిరించి పడేసిన ముక్క తెచ్చి ఫిల్ము పక్కన పెట్టాను. ముక్క అంచు తిన్నగా, నేను అడ్డంగా కోసింది కోసినట్టే ఉంది. రవి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బల్ల చుట్టూ, బాత్రూము నేలంతా వెతికాడు. తెగిన మూలలు దొరకలేదు.

ఫిల్ము ఆరాక కిటికీ దగ్గర ఎత్తి చూశాం. మొదట్లో ఒకటి రెండు పడవలు. తర్వాతవన్నీ పిన్ని గారే. గేటు దగ్గర కూరలబండి అతనితో బేరమాడుతూ, డాబా మీద చీర ఆరేస్తూ, పేపరు ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు జారిపోతుండగా కునుకు తీస్తూ. ఒక్కదానిలోనూ ఆవిడ కెమెరా వైపు చూడటం లేదు. అన్నీ దగ్గర నుంచి తీసినవే. ఆ కునుకు ఫోటో అయితే ఎంత దగ్గరగా అంటే, ఆయన ఊపిరి బిగబట్టి తీసుంటారు.

సాయంత్రానికి ప్రింట్లు వేసి కిందకి తీసుకెళ్ళాం. పిన్ని గారు ఒక్కోటీ ఒళ్ళో పెట్టుకుని చూశారు. "ఈ జుట్టేంటండీ ఇలా ఉంది? చెబితే దువ్వుకునేదాన్ని కదా" అన్నారు, ఫోటోతోనే. మేమిద్దరం వేరేవైపు చూశాం.

ఆవిడకి చెప్పకూడదనే అనుకున్నాను. కానీ దాచలేకపోయాను. మొత్తం విన్నారు. ఒక్కటే అడిగారు.

"చేతులు చల్లగా ఉన్నాయా అమ్మాయ్?"

నేను గుర్తుచేసుకున్నాను. "లేదు పిన్ని గారూ. వెచ్చగా ఉన్నాయి."

"ఆసుపత్రిలో ఎంతసేపు రుద్దినా వెచ్చబడలేదే" అన్నారు. కళ్ళు తుడుచుకుని, "పోన్లే. ఇప్పుడు బానే ఉన్నారన్నమాట" అని కాఫీ కలపడానికి లేచారు.

గడియ వేసిన గదిలో, కత్తెర లేకుండా, ఆ మూలలు ఎవరు కత్తిరించారో నాకు తెలియదు. నా చదువులో నాకు దొరికిన కారణాలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఏదీ సరిపోలేదు. ఈమధ్య వెతకడం కూడా మానేశాను.